మీకు తెలుసా? ఎదిగే యాప్‌కు వచ్చే బేరాల వెనక కథలు

కొత్తగా పుట్టిన ఒక సామాజిక మాధ్యమం కొన్ని నెలలు ఆగకుండా పెరిగిందంటే చాలు, పెద్ద కంపెనీల కళ్లు దానిమీద పడతాయి. ఒకప్పుడు యాహూ, ఆ తర్వాత గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్. కొనేవాళ్ల పేర్లు మారినా బేరం తీరు పెద్దగా మారలేదు. ఆ యాప్ ఎంత సంపాదిస్తోందన్న ప్రశ్న ఆఖరున వస్తుంది. అది పక్కవాడి చేతికి పోతే మన గతేమిటన్న ప్రశ్న ముందు వస్తుంది. గత పాతికేళ్ల బేరాలను వరసగా చూస్తూ వస్తే, చాలాసార్లు ధర కట్టింది భయమేనని నాకు బలంగా అనిపిస్తుంది. ఆ సంగతుల్లో కొన్ని ఇవి.

● ఫేస్‌బుక్ పుట్టకముందే గూగుల్ ఒక సామాజిక మాధ్యమాన్ని కొనబోయింది. దాని పేరు ఫ్రెండ్‌స్టర్. 2003లో దానికి గూగుల్ 3 కోట్ల డాలర్లు ఇస్తామంది. స్థాపకుడు జొనాథన్ అబ్రామ్స్ వద్దన్నాడు. పెట్టుబడిదారుల సొమ్ముతో సొంతంగానే ఎదుగుదామనుకున్నాడు. కానీ జనం పెరిగేకొద్దీ సైటు నత్తనడక పట్టింది. ఒక్కో పేజీ తెరుచుకోవడానికి అంతసేపు పట్టే చోట ఎవరుంటారు? అమెరికా వాళ్లు మైస్పేస్‌కు వెళ్లిపోయారు.

గూగుల్ మాత్రం ఊరుకోలేదు. తన ఇంజనీర్లలో ఒకడైన టర్కీ యువకుడు ఓర్కుట్ బుయుక్కోక్టెన్ తయారుచేసిన సైటును 2004 జనవరిలో అతని పేరుతోనే విడుదల చేసింది. అదే మన ఆర్కుట్. స్క్రాపులు రాసుకోవడం, టెస్టిమోనియల్ రాయమని స్నేహితుణ్ని బతిమాలుకోవడం, హీరోల అభిమానుల కమ్యూనిటీల్లో వాదులాడుకోవడం ఆ రోజుల్లో నెట్ సెంటర్లకు వెళ్లిన తెలుగు కుర్రకారుకు బాగా గుర్తుండే ఉంటుంది. బ్రెజిల్‌తో పాటు దాన్ని నెత్తిన పెట్టుకున్నది భారతదేశమే. 2014 సెప్టెంబర్ 30న గూగుల్ దాన్ని మూసేసింది.

● 22 ఏళ్ల కుర్రాడు 100 కోట్ల డాలర్లను కాదన్నాడు. ఇది చాలామంది విన్న కథే, కానీ అందులోని వివరాలు విననివాళ్లు ఎక్కువ. 2006 జూలైలో యాహూ ఫేస్‌బుక్‌కు 100 కోట్ల డాలర్ల ధర పెట్టింది. అప్పటికి ఫేస్‌బుక్ వయసు రెండేళ్లు. కాలేజీ, హైస్కూలు విద్యార్థులు, కొన్ని కంపెనీల ఉద్యోగులు తప్ప బయటివాళ్లు చేరే వీలే లేదు. బోర్డులో ముగ్గురు: మార్క్ జుకర్‌బర్గ్, పీటర్ థీల్, జిమ్ బ్రేయర్. పెద్దవాళ్లిద్దరూ డబ్బు తీసుకుంటే మంచిదేమో ఆలోచించమన్నారు. జుకర్‌బర్గ్ మాత్రం, ఈ సమావేశం మామూలు లాంఛనమే, అమ్మే ప్రసక్తి లేదు, పది నిమిషాల్లో ముగిద్దాం అన్న ధోరణిలో మొదలుపెట్టాడని థీల్ తర్వాత చాలా వేదికల మీద చెప్పాడు.

దీని తర్వాతి భాగం ఇంకా ముఖ్యం. యాహూ షేరు ధర పడిపోవడంతో ఆ కంపెనీ అధిపతి టెర్రీ సెమెల్ తన ధరను 85 కోట్లకు తగ్గించాడు. అసలే ఇష్టం లేని జుకర్‌బర్గ్‌కు పని సులువైంది. అయితే లోపల గొడవలు తప్పలేదు. అమ్మకపోవడం తప్పని నమ్మిన పైస్థాయి ఉద్యోగులు ఏడాది తిరిగేసరికి దాదాపు అందరూ వెళ్లిపోయారని 2017లో హార్వర్డ్ స్నాతకోత్సవ ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ 2006 సెప్టెంబర్‌లోనే న్యూస్ ఫీడ్ వచ్చింది, ఎవరైనా చేరవచ్చని తలుపులు తెరిచారు. యాహూ వాళ్లు కొనబోయిన ఫేస్‌బుక్‌కూ, మనకు తెలిసిన ఫేస్‌బుక్‌కూ మధ్య ఉన్నది ఆ రెండు నెలలే.

● మైక్రోసాఫ్ట్ కూడా ఫేస్‌బుక్ మొత్తాన్ని 2,400 కోట్ల డాలర్లకు కొనాలని చూసిందని స్టీవ్ బామర్ 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో బయటపెట్టాడు. కుదరలేదు. 2007 అక్టోబర్‌లో 24 కోట్ల డాలర్లు పెట్టి 1.6 శాతం వాటాతో సరిపెట్టుకుంది. ఆ లెక్కన ఫేస్‌బుక్ విలువ 1,500 కోట్ల డాలర్లు. అదే వాటా కోసం గూగుల్ కూడా పోటీపడింది.

● అమ్ముడుపోయినవాటి గతి ఏమైంది? మైస్పేస్ మాతృసంస్థను రూపర్ట్ మర్డోక్‌కు చెందిన న్యూస్ కార్ప్ 2005లో 58 కోట్ల డాలర్లకు కొంది. 2011లో సుమారు 3.5 కోట్లకు వదిలించుకుంది. బెబోను ఏఓఎల్ 2008లో 85 కోట్లకు కొని రెండేళ్లకే అమ్మేసింది. 2013లో దాని స్థాపకుడు మైకేల్ బర్చ్ 10 లక్షల డాలర్లకు తన సైటును తానే తిరిగి కొనుక్కున్నాడు. టంబ్లర్‌ను యాహూ 2013లో 110 కోట్లకు కొంటూ, దాన్ని పాడుచేయబోమని బహిరంగంగా మాట ఇచ్చింది. మూడేళ్లలో ఆ విలువలో 71 కోట్ల డాలర్లకు పైగా నష్టం కింద రాసేసుకుంది.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది జియోసిటీస్. 1999లో యాహూ సుమారు 360 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి దాన్ని తీసుకుంది. మామూలు జనం మొట్టమొదటిసారి సొంత పేజీలు కట్టుకున్న చోటు అది. చనిపోయిన బిడ్డ జ్ఞాపకాల నుంచి ఊరి చరిత్ర దాకా లక్షల పేజీలుండేవి. 2009 అక్టోబర్‌లో యాహూ మూసేస్తే, కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబగళ్లు కూర్చుని వీలైనన్ని పేజీలు కాపీ చేసి దాచారు. కొన్న కంపెనీ చేయాల్సిన పనిని దారిన పోయేవాళ్లు చేశారు.

● యూట్యూబ్‌కు గూగుల్ తెలిసి తెలిసి ఎక్కువ ఇచ్చింది. 2006 అక్టోబర్‌లో 165 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొన్నప్పుడు యూట్యూబ్‌కు ఏడాదిన్నర వయసు, సుమారు 65 మంది సిబ్బంది. బేరం మాటలు ఎవరి కంటా పడకూడదని డెన్నీస్ అనే మామూలు హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. గూగుల్ వీడియో పేరుతో గూగుల్‌కు అప్పటికే సొంత సేవ ఉంది, కానీ జనం యూట్యూబ్ వైపే వెళ్లారు. తర్వాత మీడియా సంస్థ వయాకామ్ యూట్యూబ్ మీద వేసిన దావాలో సాక్ష్యమిస్తూ గూగుల్ అప్పటి సీఈఓ ఎరిక్ ష్మిట్, తన అంచనాలో అసలు విలువ 60 నుంచి 70 కోట్ల డాలర్లేనని ఒప్పుకున్నాడు. మిగిలిన దాదాపు 100 కోట్లు పోటీలో ఉన్నవాళ్లకు అది దక్కకుండా ఉండటానికి ఇచ్చిన అదనపు సొమ్ము.

ఆ అదనానికి ఫలితం దక్కింది. 2024లో ప్రకటనల మీదే యూట్యూబ్ 3,600 కోట్ల డాలర్లకు పైగా తెచ్చింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చే మై విలేజ్ షో లాంటి చానళ్లు కూడా ఆ వ్యవస్థ మీదే నిలబడ్డాయి. 2006లో కాలిఫోర్నియాలో తెగిన బేరం తెలంగాణ పల్లెలో ఒక కుటుంబం పొయ్యి దాకా వచ్చిందంటే, ఈ బేరాలు మనకు సంబంధం లేనివని ఎలా అనుకుంటాం?

● ఇన్‌స్టాగ్రామ్‌లో అప్పటికి పనిచేస్తున్నది 13 మందే. ఆదాయం సున్నా. 2012 ఏప్రిల్ 9న ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లు ప్రకటిస్తే అందరూ నోరెళ్లబెట్టారు. మూడు కోట్లమంది వాడకందారులున్నారు కాబట్టి తలకు 33 డాలర్లు పడింది. అందులో ఎక్కువ భాగం ఫేస్‌బుక్ షేర్ల రూపంలో ఇచ్చినందువల్ల, ఆ షేరు పడిపోయి, బేరం పూర్తయ్యేనాటికి అసలు విలువ 71.5 కోట్లకు దిగింది.

ఎందుకు కొన్నారన్నది ఎనిమిదేళ్లకు గానీ బయటపడలేదు. 2020 జూలైలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు జుకర్‌బర్గ్ పాత ఈమెయిళ్లు పెట్టారు. పోటీపడటం కంటే కొనేయడం మేలన్న ఆలోచన 2008 నాటి ఈమెయిల్లోనే ఉంది. 2012 ఫిబ్రవరిలో తన ఆర్థిక అధికారికి రాస్తూ, రేపు పోటీకి రాగల కంపెనీని ముందే అడ్డు తొలగించుకోవడాన్ని ఒక కారణంగా చెప్పాడు. కాసేపటికే, తన ఉద్దేశం అది కాదంటూ ఇంకో ఈమెయిల్ పంపాడు.

అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2012 ఆగస్టులో ఈ కొనుగోలును పరిశీలించి అయిదుగురు సభ్యులూ ఏకగ్రీవంగా వదిలేశారు. అదే కమిషన్ 2020 డిసెంబర్‌లో దీన్ని రద్దుచేయమని దావా వేసింది. 2025 నవంబర్‌లో జడ్జి జేమ్స్ బోస్‌బర్గ్ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు అనుకూలంగా తీర్పిచ్చారు. టిక్‌టాక్, యూట్యూబ్ ఇప్పుడు గట్టి పోటీ ఇస్తున్నాయి కాబట్టి గుత్తాధిపత్యం లేదన్నారు. ఆ తీర్పును చట్టం దృష్టిలో తప్పుపట్టలేకపోవచ్చు. కానీ ఎనిమిదేళ్లు ఊరుకుని, యాప్ వందల కోట్లమందికి చేరాక వెనక్కి తిప్పమని అడిగితే ఏ కోర్టుకైనా కష్టమే. అడ్డుకోవాలంటే 2012లోనే అడ్డుకోవాల్సింది.

● వాట్సాప్ సహస్థాపకుడు బ్రయాన్ ఆక్టన్‌ను 2009లో ఉద్యోగానికి ఫేస్‌బుక్ తీసుకోలేదు. ట్విట్టర్ కూడా తీసుకోలేదు. అయిదేళ్లకు, 2014 ఫిబ్రవరి 19న, అదే ఫేస్‌బుక్ అతని కంపెనీకి 1,900 కోట్ల డాలర్లు ప్రకటించింది. షేర్ల ధర పెరగడంతో చివరికి అది 2,180 కోట్లకు చేరింది. అప్పటికి వాట్సాప్ సిబ్బంది 55 మంది, వాడకందారులు 45 కోట్లు. 2013 మొత్తం మీద వచ్చిన ఆదాయం కోటి డాలర్లకు కాస్త ఎక్కువ. వ్యాపారం తెలిసిన ఏ లెక్కకూ అందని ధర ఇది.

ఇంకో స్థాపకుడు జాన్ కౌమ్ ఉక్రెయిన్ నుంచి పదహారేళ్ల వయసులో తల్లితో కలిసి అమెరికా వచ్చినవాడు. ప్రభుత్వం ఇచ్చే ఆహార కూపన్ల కోసం వరసలో నిలబడిన సంక్షేమ కార్యాలయ భవనం దగ్గరకే వెళ్లి, దాని తలుపుకు ఆనించి అమ్మకం కాగితాల మీద సంతకం చేశాడు.

ఇంతకీ ఫేస్‌బుక్‌కు ఆ ధర ఇవ్వాలని ఎలా తోచింది? 2013 అక్టోబర్‌లో అది ఇజ్రాయెల్‌కు చెందిన ఒనావో అనే చిన్న కంపెనీని కొంది. ఆ కంపెనీ యాప్‌ను జనం డేటా ఆదా అవుతుందనో భద్రత ఉంటుందనో ఫోన్లలో వేసుకునేవాళ్లు. ఎవరు ఏ యాప్ ఎంతగా వాడుతున్నారో దాని ద్వారా ఫేస్‌బుక్‌కు తెలిసేది. వాట్సాప్ వాడకం ఎంత వేగంగా పెరుగుతోందో చూపే పటాలు కూడా ఆ లెక్కల నుంచే వచ్చాయని 2018 డిసెంబర్‌లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ బయటపెట్టిన పత్రాల్లో ఉంది. జనానికి రక్షణ అని చెప్పి ఇచ్చిన పనిముట్టుతో జనం మీదే నిఘా పెట్టడాన్ని నేను వ్యాపార తెలివి అని అనలేను.

వాట్సాప్ సమాచారాన్ని ఫేస్‌బుక్ ఖాతాలతో నమ్మదగ్గ రీతిలో కలపడం తమకు సాంకేతికంగా సాధ్యం కాదని 2014లో ఐరోపా అధికారులకు చెప్పారు. 2016లో కలిపారు. తప్పుదోవ పట్టించినందుకు 2017 మేలో ఐరోపా కమిషన్ 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. మన దేశంలో 2021 నాటి గోప్యతా విధానం మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆక్టన్ 2017లోనే బయటికి వచ్చేశాడు. గడువు దాకా ఆగితే దక్కే 85 కోట్ల డాలర్ల షేర్లు వదులుకున్నాడు. తర్వాత 5 కోట్ల డాలర్లు పెట్టి సిగ్నల్ యాప్‌కు ఆసరాగా ఒక లాభాపేక్ష లేని సంస్థను నిలబెట్టాడు. ఈ మొత్తం చరిత్రలో నేను మనస్ఫూర్తిగా గౌరవించే మనిషి ఇతను.

● అమ్మేది లేదంటే కాపీ కొడతారు. 2013లో ఫేస్‌బుక్ 300 కోట్ల డాలర్లు ఇస్తామంటే స్నాప్‌చాట్ స్థాపకుడు ఇవాన్ స్పీగెల్ కాదన్నాడు. వయసు 23. అంతకుముందే 2012 చివర్లో పోక్ పేరుతో స్నాప్‌చాట్ లాంటి యాప్ తెచ్చి ఫేస్‌బుక్ విఫలమైంది. 2016 ఆగస్టులో ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీస్ వచ్చింది, పేరుతో సహా స్నాప్‌చాట్‌దే. ఈసారి పని జరిగింది. వాట్సాప్‌లో మనం రోజూ పెట్టే స్టేటస్ కూడా ఆ వరసలో వచ్చిందే. ఒక రోజు గడిస్తే మాయమయ్యే ఆ పద్ధతిని జనంలోకి తెచ్చింది స్నాప్‌చాట్.

● 2016లో ట్విట్టర్‌ను కొనడానికి డిస్నీ దాదాపు సిద్ధమై ఆఖరి నిమిషంలో వెనక్కి తగ్గింది. అక్కడ నడిచే తిట్లూ విద్వేషమూ తన కంపెనీ మోయలేనంత ఎక్కువని డిస్నీ అధిపతి బాబ్ ఐగర్‌కు తోచింది. అదే ఏడాది సేల్స్‌ఫోర్స్ కూడా చూసి తప్పుకుంది. చివరికి 2022లో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు తీసుకున్నాడు. 2008లో ఫేస్‌బుక్ దానికి పెట్టిన ధర 50 కోట్లు, అదీ ఎక్కువగా షేర్లలో.

● హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాక చేసిన పెద్ద కొనుగోళ్లలో ఒకటి లింక్డ్‌ఇన్. 2016 జూన్‌లో 2,620 కోట్ల డాలర్లు. సేల్స్‌ఫోర్స్ కూడా గట్టిగా పోటీపడింది. మైక్రోసాఫ్ట్ దాన్ని తనలో కలిపేసుకోకుండా సొంత పేరుతో, సొంత పద్ధతిలో నడవనిచ్చింది. కొని చంపని అరుదైన కొనుగోలు ఇదని చెప్పాలి.

2020లో ఆయన ముందుకు టిక్‌టాక్ వచ్చింది. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అమ్మకపోతే నిషేధిస్తానన్నాడు. మైక్రోసాఫ్ట్, ఒరాకిల్, వాల్‌మార్ట్ రంగంలోకి దిగాయి. సెప్టెంబర్ 13న మైక్రోసాఫ్ట్‌కు టిక్‌టాక్ యజమాని బైట్‌డాన్స్ కాదని చెప్పేసింది. తన ఉద్యోగ జీవితంలో ఇంత విచిత్రమైన వ్యవహారం చూడలేదని నాదెళ్ల ఏడాది తర్వాత ఒక సదస్సులో అన్నారు. 2021లో మైక్రోసాఫ్ట్ డిస్కార్డ్ అనే చాట్ యాప్‌తో మాటలు జరిపితే అదీ తెగలేదు.

● టిక్‌టాక్ బేరంలో అసలు సరుకు యాప్ కాదు, ఏ వీడియో ఎవరికి చూపాలో తేల్చే అల్గారిథమ్. 2020 ఆగస్టులో చైనా తన ఎగుమతి నిబంధనలు మార్చి, అలాంటి సాంకేతికత అనుమతి లేకుండా దేశం దాటకూడదంది. అందుకే బేరం ఏళ్ల తరబడి సాగింది. 2024 ఏప్రిల్‌లో, అమ్మకపోతే నిషేధమేనంటూ అమెరికా చట్టం చేసింది, 2025 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2026 జనవరిలో ఒరాకిల్, సిల్వర్ లేక్, అబుదాబీకి చెందిన ఎంజీఎక్స్ ప్రధాన భాగస్వాములుగా అమెరికాలో టిక్‌టాక్‌ను నడిపే కొత్త సంస్థ ఏర్పడింది. అందులో బైట్‌డాన్స్‌కు 19.9 శాతం మిగిలింది.

భారత్‌లో కథ ఒక్క రాత్రిలో ముగిసింది. 2020 జూన్ 29న నిషేధించిన 59 చైనా యాప్‌లలో ఒకటిగా టిక్‌టాక్ ఆగిపోయింది. పొలం గట్ల మీద, ఆటో స్టాండుల్లో, వంటింట్లో వీడియోలు చేసి పేరు తెచ్చుకున్న మన తెలుగువాళ్లు తెల్లారేసరికి తమ ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. పదిరోజులైనా గడవకముందే, జూలై 8న, ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడికి వచ్చింది. సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ పరీక్షకు భారత్‌నే ఎంచుకుంది. ఒక్క పైసా పెట్టి కొనకుండానే రెండు పెద్ద కంపెనీలు ఆ ఖాళీని నింపుకున్నాయి.

● కొనేవాళ్లు దొరక్క మూతపడిన మన యాప్ పేరు ‘కూ’. కన్నడంతో మొదలై తెలుగు సహా పలు భారతీయ భాషల్లోకి విస్తరించింది. ఒక దశలో నెలకు సుమారు కోటిమంది వాడారు. పెద్ద ఇంటర్నెట్ కంపెనీలతో, మీడియా సంస్థలతో జరిపిన చర్చలు ఫలించలేదని, కొన్ని సంతకాల దాకా వచ్చి ఆగిపోయాయని స్థాపకులు 2024 జూలైలో చెప్పి మూసేశారు. కొనుగోళ్లను గుడ్డిగా వ్యతిరేకించేవాళ్లు ఈ సంగతి కూడా చూడాలి. మరో భారతీయ యాప్ షేర్‌చాట్ మాత్రం ట్విట్టర్, గూగుల్ లాంటివాళ్ల పెట్టుబడి తీసుకుని, 2022లో పొట్టి వీడియోల యాప్ టకాటక్‌ను తనే కొని, ఇంకా తెలుగులో నడుస్తోంది.

● వాట్సాప్ లాంటి బేరం ఇవాళ జరిగితే మన దేశ అనుమతి అడగాల్సి ఉంటుంది. పాత చట్టం కంపెనీ ఆస్తులు, టర్నోవర్ మాత్రమే చూసేది. ఆదాయం లేని యాప్‌ను వేల కోట్లకు కొన్నా ఆ జల్లెడలోంచి జారిపోయేది. 2023 సవరణతో, 2024 సెప్టెంబర్ 10 నుంచి, బేరం విలువ 2,000 కోట్ల రూపాయలు దాటి, ఆ సంస్థకు భారత్‌లో చెప్పుకోదగ్గ కార్యకలాపాలుంటే కాంపిటీషన్ కమిషన్ ఆమోదం తప్పనిసరి. డిజిటల్ సేవ అయితే ప్రపంచం మొత్తం వాడకందారుల్లో 10 శాతం మన దేశంలో ఉన్నా చాలు. ఆదాయాన్ని వదిలి మనుషులను లెక్కపెట్టడం నేర్చుకున్న చట్టం ఇది. పదేళ్లు ఆలస్యమైనా సరైన అడుగే.

● ఒక పని మాత్రం చట్టాల కోసం ఆగకుండా మీరే చేసుకోవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మీ సమాచారం మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. యూట్యూబ్, గూగుల్ ఫొటోలకు గూగుల్ టేకౌట్ ఉంది. వాట్సాప్‌లో ఒక్కో సంభాషణను విడిగా ఎగుమతి చేసుకోవచ్చు. యజమాని మారే రోజు మిమ్మల్ని ఎవరూ అడగరు. అమ్మానాన్నల ఫొటోలు, పిల్లల వీడియోలు, మీరు రాసుకున్న నాలుగు మాటలు ఏ కంపెనీ దగ్గరున్నా సరే, ఈ ఆదివారం ఓ గంట కూర్చుని ఒక ప్రతిని మీ ఇంట్లోని హార్డ్‌డిస్క్‌లో దాచుకోండి.